ఫ్లాటు ఉండగానే ఇల్లు కట్టాం: మూడేళ్ల తర్వాత ఆ లోను గురించి

విశాఖ ఎంవీపీ కాలనీలో మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఉండగానే, మధురవాడ వైపు ఎప్పుడో కొనిపెట్టుకున్న 200 గజాల వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) ప్లాటులో ఇల్లు మొదలుపెట్టాం. 2023 మార్చిలో లోను శాంక్షన్ అయింది, 2024 ఆగస్టులో గృహప్రవేశం చేశాం. ఈ పద్ధతిలో కట్టుకోవచ్చా అని మా స్కూల్లో ఇద్దరు టీచర్లు అడిగారు. ఇద్దరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని రాస్తున్నాను.

ఫ్లాటు మీద పాత హోమ్ లోను అప్పటికి 9 లక్షలు మిగిలి ఉంది, ఈఎంఐ 21 వేలు. అదే ఫ్లాటు మీద 10 లక్షలు టాప్-అప్, అంటే ఉన్న లోనుకు పైన ఇంకొంత అప్పు, తీసుకున్నాం. ప్లాటు తాకట్టు పెట్టి కన్‌స్ట్రక్షన్ లోనుకు వెళ్లాం. ఇంజనీరు ఎస్టిమేషన్ 50 లక్షలకు ఇచ్చాడు, బ్యాంకు అందులో 80 శాతం, అంటే 40 లక్షలు శాంక్షన్ చేసింది. ఆ స్థాయి లోనుకు ఆర్‌బీఐ పెట్టిన గరిష్ఠ పరిమితి కూడా ఆ 80 శాతమే. మావారి జీతం ఒక్కటే చూపిస్తే పాత ఈఎంఐ, టాప్-అప్ ఈఎంఐ తీసేశాక 40 లక్షలకు అర్హత రాలేదు. నన్ను కో-అప్లికెంట్‌గా చేర్చాక వచ్చింది. రెపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) అప్పుడు 6.50, మాకు పడిన వడ్డీ 8.75.

అందరూ అడిగేది వడ్డీ రేటు గురించే. నన్నడిగితే ఈ వ్యవహారంలో పావు శాతం అటూ ఇటూ పెద్ద విషయం కాదు. డబ్బు ఏ రోజు చేతికొస్తుందన్నదే అసలు సమస్య. బ్యాంకు ముందు మన వాటా ఖర్చుపెట్టమంటుంది. మా టాప్-అప్ 10 లక్షలూ బేస్‌మెంటు లేచేసరికే అయిపోయాయి. తర్వాత విడతకు 8 లక్షల చొప్పున ఇస్తారు, అదీ ఆ దశ పని పూర్తయ్యాక. వాల్యుయర్ వచ్చి ఫొటోలు తీసుకుని, రిపోర్టు రాసి, అది బ్రాంచికి చేరాలి. ఇటు మేస్త్రీ గారేమో "అమ్మా, రేపు శ్లాబు. ఐరన్ షాపాయన బాకీ తీరిస్తేగానీ కడ్డీ పంపనంటున్నాడు" అని పొద్దున్నే ఫోను. పని అయ్యాక ఇచ్చే బ్యాంకుకీ, పనికి ముందే అడిగే మేస్త్రీకీ మధ్య నిలబడాల్సింది మనమే.

మూడో విడత మరీ ఆలస్యమైంది. ముందు వైపు బాల్కనీ ప్లాన్‌లో ఉన్నదానికంటే రెండడుగులు బయటికి పోశారు. అందంగా ఉంటుందని మేమే చెప్పాం, తప్పు మాదే. వాల్యుయర్ దాన్ని రిపోర్టులో రాశాడు. వివరణ, ఇంజనీరు లెటరు, మళ్లీ విజిట్, దానికి మళ్లీ ఫీజు, అన్నీ కలిపి 26 రోజులు పోయాయి. ఆ 26 రోజులూ సెంట్రింగ్ చెక్కకు రోజువారీ అద్దె పడుతూనే ఉంది. నా గాజులు గోల్డ్ లోనుకు వెళ్లొచ్చాయి, మొత్తం మీద రెండు సార్లు. మళ్లీ కట్టాల్సి వస్తే ఒక విడతకు సరిపడా డబ్బు, మా లెక్కలో 8 లక్షలు, ఎఫ్‌డీలో విడిగా పెట్టుకోకుండా ముగ్గు కూడా పోయను.

నెలవారీ భారం మొదట్లో తెలియదు. తీసుకున్నంత వరకే వడ్డీ కడతాం కాబట్టి మొదటి విడతకు ప్రీ-ఈఎంఐ నెలకు 5,800 మాత్రమే. నాలుగు విడతలు, అంటే 32 లక్షలు తీసుకునేసరికి అది 23,300 అయింది. దానికి పాత ఈఎంఐ 21 వేలు, టాప్-అప్ 12,800 కలిపితే నెలకు 57 వేలు దాటాయి. ఆ నెలల్లో మా ఇంట్లో ఎవరైనా పెళ్లి శుభలేఖ పట్టుకుని వస్తే భయం వేసేది. దీనికి తోడు శాంక్షన్ రోజున ఎవరూ నోరు విప్పి చెప్పని ఖర్చులు: ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, తాకట్టు రిజిస్ట్రేషన్. లోనుకు సింగిల్ ప్రీమియం ఇన్సూరెన్సు తప్పనిసరి అన్నట్టే మాట్లాడారు, రాతపూర్వకంగా ఇవ్వమంటే వద్దులెండి అన్నారు.

ఇక ఫ్లాటు సంగతి. కొత్తింట్లో పాలు పొంగించాక, తీరిగ్గా, మంచి రేటుకు అమ్ముదామన్నది మా ఆలోచన. ఆడిటరు ఆపాడు. పాత ఇల్లు అమ్మగా వచ్చిన లాభం మీద అప్పటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 54 మినహాయింపు కావాలంటే, కొత్త ఇంటి నిర్మాణం అమ్మిన తేదీ తర్వాత మూడేళ్లలోపు పూర్తవ్వాలి. ముందే పూర్తయిపోయి, తర్వాత ఫ్లాటు అమ్మితే మినహాయింపు దక్కకపోవచ్చన్నాడు. రెండూ ఎవరి పేరున ఉన్నాయన్నది ఆయన అడిగిన మొదటి ప్రశ్న. రెండూ మావారి పేరునే ఉండటం కలిసొచ్చింది. 2012లో 27 లక్షలకు కొన్న ఫ్లాటుకు 68 లక్షల బేరం వచ్చింది. ఇండెక్సేషన్‌తో, అంటే ధరల పెరుగుదల కలిపి చూస్తే, కొన్న ధర 49 లక్షలుగా లెక్కకు వస్తే లాభం 19 లక్షలు, దాని మీద అప్పటి రూలు ప్రకారం 20 శాతం పన్ను 3.8 లక్షలు, పైన సెస్సు. ఏడాదంతా వడ్డీలో పావు శాతం కోసం బ్యాంకుల చుట్టూ తిరిగిన మాకు ఈ అంకె చూసి నోట మాట రాలేదు.

అందుకే ప్లాస్టరింగ్ అవ్వగానే, 2024 ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్ చేసేశాం. కొనేవాళ్లకూ తొందరే, నెలాఖరుకు మూఢం వస్తోంది. మూఢం, దాని వెనకే ఆషాఢం, ఆగస్టులో శ్రావణం వచ్చేదాకా ముహూర్తాల్లేవు. వాళ్లు ఎలాగూ అప్పటిదాకా దిగరు, మేమూ కొత్తింటికి వెళ్లలేం. నెలకు 18 వేలకు మా ఫ్లాటులో మేమే నాలుగు నెలలు అద్దెకున్నాం. మా అత్తగారికి మాత్రం ఇది అస్సలు మింగుడుపడలేదు, అద్దె ఇచ్చే రోజున ఆవిడ మాట్లాడేవారు కాదు.

కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (మా తరఫున ముందే కట్టే పన్ను) పట్టుకున్నారు, వాళ్ల బ్యాంకు మా పాత లోనూ టాప్-అప్ కలిపి పదహారున్నర లక్షలు నేరుగా మా బ్యాంకుకు కట్టింది. ఒరిజినల్ డాక్యుమెంట్లు రావడమే టెన్షన్. లోను తీరిన 30 రోజుల్లోపు ఇవ్వాలని, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చెల్లించాలని 2023 డిసెంబరు 1 నుంచి ఆర్‌బీఐ నిబంధన ఉంది. దాన్ని ప్రింటు తీసి పట్టుకెళ్లాను. పదకొండో రోజున ఇచ్చారు.

ఫ్లోరింగు, చెక్కపని, రంగులు, ప్రహరీ, అన్నీ అమ్మిన డబ్బుతోనే. అమ్మాక పెట్టిన ఖర్చే 20 లక్షలు దాటింది, బిల్లులన్నీ ఆడిటరుకిచ్చాం. 50 లక్షల ఎస్టిమేషన్ ఇల్లు 61 లక్షలకు చేరింది. బ్యాంకు ఇవ్వాల్సిన చివరి విడత మేం తీసుకోలేదు. మిగిలిన దాంట్లో 12 లక్షలు లోనులో కట్టేశాం, ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) కాబట్టి పెనాల్టీ లేదు. ఇక్కడ ఒక పశ్చాత్తాపం: స్టేట్ బ్యాంకు మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోమ్ లోను తీసుకుని ఉంటే, పాప చదువుకని పక్కన పెట్టిన డబ్బు కూడా అందులోనే ఉంచి వడ్డీ తగ్గించుకునేవాళ్లం, కావాల్సినప్పుడు తీసుకునేవాళ్లం.

కట్టేటప్పుడు పోయిన వడ్డీ పూర్తిగా పోదు. 2024 మార్చి దాకా మేం కట్టిన 1.40 లక్షల్ని ఐదు భాగాలు చేసి ఏడాదికి 28 వేల చొప్పున చూపించుకోవచ్చు, ఏటా వచ్చే 2 లక్షల పరిమితిలోనే. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. మావారు ఉన్నారు, నేను లేను.

ఐదుకు మూడున్నర ఇస్తాను. పాత ఇంటి మీద అప్పు తక్కువగా ఉండి, ఇద్దరి జీతాలూ వస్తుంటే ఈ దారి బాగానే ఉంటుంది, పిల్లల బడి మధ్యలో రెండు సార్లు సామాన్లు మోయక్కర్లేదు. పాత లోనే సగం పైగా మిగిలి ఉంటే మాత్రం ముందు అమ్మేసి అద్దెకు వెళ్లడమే నయం.

2025లో రెపో నాలుగు సార్లు తగ్గి డిసెంబరుకు 5.25కి వచ్చింది, మా వడ్డీ ఇప్పుడు 7.50. ఈఎంఐ తగ్గించాలా, నెలలు తగ్గించాలా అని బ్యాంకు అడిగింది. నెలలే తగ్గించమన్నాం. 28,300 అలాగే కడుతున్నాం, మావారి రిటైర్మెంటుకు రెండేళ్ల ముందే అయిపోతుంది.