చెరువు గట్టు మీది బోర్డుకు ఎమ్‌డెవ్ చాలా, యూడెవ్ కావాలా?

భీమవరం పక్కన రొయ్యల చెరువు గట్టు మీద చిన్న లినక్స్ బోర్డు పెట్టి, నీటిలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్‌ను యూఎస్‌బీ కన్వర్టర్‌తో దానికి కలిపారనుకోండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ బోర్డు మళ్లీ బూట్ అయ్యి, పరికరాలన్నీ గుర్తుపట్టాలి. లినక్స్‌లో ఆ పని చూసే ప్రోగ్రాములే ఎమ్‌డెవ్, యూడెవ్.

ఎమ్‌డెవ్ బిజీబాక్స్‌లోనే ఉంటుంది; చిన్న బోర్డుల కోసం మామూలు లినక్స్ కమాండ్లన్నీ ఒకే ప్రోగ్రాములో కూర్చిన మూట అది. బూట్ స్క్రిప్టులో దానికి ఒక్క లైను చాలు, కెర్నల్ (లినక్స్ మూల భాగం) తనకు కనిపించిన పరికరాల వివరాలు ఉంచే సిస్‌ఎఫ్‌ఎస్ అంతా ఓసారి తిరిగొస్తుంది. డివైస్ నోడ్లను, అంటే ప్రోగ్రాములు పరికరాన్ని అందుకునే ఫైళ్లను, 2.6.32 వెర్షన్ నుంచి కెర్నల్ డెవ్‌టీఎమ్‌పీఎఫ్‌ఎస్ అనే మెమరీలోని ఫైల్ సిస్టమ్‌లో తనే సృష్టించగలదు కాబట్టి, ఎమ్‌డెవ్‌కు మిగిలేది పర్మిషన్లు, పేర్లే. ఒక్క సెన్సార్ ఉన్నచోట అంతకు మించి ఏం కావాలి?

చిక్కంతా రెండో సెన్సార్‌తో వస్తుంది. యూఎస్‌బీ కన్వర్టర్లకు కెర్నల్ వరసగా టీటీవైయూఎస్‌బీ0, టీటీవైయూఎస్‌బీ1 అని పేర్లు పెడుతుంది; ఈ బూట్‌లో 0 అయినది, వచ్చే బూట్‌లో 1 కావచ్చు. తూర్పు చెరువు రీడింగు పడమటి చెరువు ఖాతాలో పడితే, నీటిలో గాలి కలిపే ఏరేటర్ తప్పు చెరువులో తిరుగుతుంది; తెల్లవారుజామున రైతుకు అంతకన్నా టెన్షన్ లేదు. యూడెవ్ సీరియల్ నంబర్ చూసి మారని పేరు పెడుతుంది. ఎమ్‌డెవ్‌లో అదే పనికి స్క్రిప్టు మనమే రాసుకోవాలి.

అయితే సీహెచ్340 చిప్‌తో వచ్చే చవక కన్వర్టర్లలో చాలావాటికి వేరువేరు సీరియల్ నంబర్లే ఉండవు. అప్పుడు ఏ పోర్టులో గుచ్చారన్నదే ఆనవాలు. యూడెవ్ దాన్నీ చూడగలదు, కానీ కేబుళ్లు మార్చి గుచ్చితే ఏమీ చేయలేదు. పోర్టుల మీద పెయింటుతో గుర్తు పెట్టండి.

యూడెవ్‌కు వెనకాల ఎప్పుడూ నడిచే ప్రోగ్రాము (డీమన్) కావాలి, జాగా కూడా ఎక్కువ. యూడెవ్ ఇప్పుడు సిస్టమ్‌డీ అనే, బూట్‌ను, సర్వీసులను నడిపే సాఫ్ట్‌వేర్‌లో భాగం; అది లేనిచోట యూడెవ్ నుంచి విడదీసిన ఈయూడెవ్ ఉంది. రెండు సెన్సార్లు దాటితే నా ఓటు యూడెవ్ వైపే.