దుబాయ్‌లో బడి వెతుకుతున్నారా? నోటిమాట నమ్మి నేను మునిగాను, మీరు మునగకండి

ఇంకా చేతులు వణుకుతున్నాయి, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి అన్నం కూడా తినకుండా ఇది రాస్తున్నాను.

పూర్వకథ క్లుప్తంగా చెప్తాను. మా వారికి దుబాయ్‌లో ఉద్యోగం, మియాపూర్ ఇల్లు ఖాళీ చేయడం, ఇక్కడ సీబీఎస్ఈ బళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి కాబట్టి మార్చి అంతా పరుగులు. బాబు నాలుగో తరగతి. వాడికి డిస్లెక్సియా ఉంది. తెలివికేం లోటు లేదు, అక్షరాలే వాడితో దాగుడుమూతలు ఆడతాయి. హైదరాబాద్‌లో పరీక్షలు చేయించి సైకాలజిస్టు దగ్గర తీసుకున్న 14 పేజీల రిపోర్టు ఉంది.

బడి పేరు రాయను. ఇక్కడ ఆన్‌లైన్‌లో పేరు పెట్టి తిడితే జరిమానా గానీ జైలు గానీ పడవచ్చని మా వారు పొద్దుటి నుంచి రెండుసార్లు గుర్తుచేశారు. ఓపెన్ హౌస్ రోజు పిల్లలకు బెలూన్లు, పెద్దలకు గుడ్డసంచులు పంచిన బడి అంటే మీలో చాలామందికి అర్థమైపోతుంది. ఆ సంచిలో ఇప్పుడు ఉల్లిపాయలు పోసుకుంటున్నాను. కట్టిన డబ్బుకు గిట్టుబాటైంది అదొక్కటే.

అడ్మిషన్ల గదిలో ఆవిడ మావాణ్ణి 'చాంపియన్' అని పిలిచింది. చాక్లెట్ ఇచ్చింది. నేను దాచకుండా అంతా చెప్పాను. 'విడిగా ఏమైనా కట్టాల్సి ఉంటుందా?' అని ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాను. 'మాకు ప్రత్యేక విభాగమే ఉంది మేడమ్, అదంతా ఫీజులో కలిసే ఉంటుంది, మీరు నిశ్చింతగా ఉండండి' అంది. రిపోర్టును గోధుమరంగు కవరులో పెట్టి, ఆవిడ బల్ల మీది స్టేప్లర్‌తోనే దరఖాస్తుకు నా చేత్తో జతచేశాను. మొదటి పిన్ను వంకరపోతే పక్కనే రెండోది కొట్టాను. ఈ పిన్నుల గోల ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

దరఖాస్తుకు 500 దిర్హాములు, సీటు ఖాయం చేసినందుకు 1,800, ఆ పైన మొదటి టర్మ్ ఫీజులో మిగిలినది. ఏడాదికి 18,000. బస్సు, యూనిఫాం, పుస్తకాలు సరేసరి. సంతకం పెట్టమన్నచోటల్లా పెట్టాను. మియాపూర్‌లో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ప్రతి గీతా చదివిన మనిషిని, కొడుకు బడి కాంట్రాక్టు చదవలేదు. నన్ను నేను తిట్టుకోని గంట లేదు.

బడి తెరిచిన రెండో వారంలోనే డైరీలో 'తల్లిదండ్రులతో మాట్లాడాలి' అని రాసి పంపారు. వెంటనే ఫోన్ చేశాను. వచ్చే వారం అన్నారు. ఆ వారం ఫోన్ చేస్తే ఆ ప్రత్యేక విభాగం పెద్దావిడ సెలవులో ఉన్నారన్నారు. మళ్లీ వచ్చే వారం. పాపం పనుల ఒత్తిడి అనుకున్నాను, నా బుద్ధికి! నేను చదవని ఆ కాంట్రాక్టులో ఏముందో ఇప్పుడు వినండి. బడి మానిపిస్తే, రెండు వారాల లోపు అయితే ఒక నెల ఫీజు పోతుంది. నెల లోపు అయితే రెండు నెలలది. నెల దాటితే టర్మ్ ఫీజు మొత్తం వాళ్లదే. నాకు ఈరోజు అపాయింట్‌మెంట్ దొరికింది. ఈరోజు మావాడు చేరిన ముప్పై మూడో రోజు. ఇది యాదృచ్ఛికమని మీకనిపిస్తే మీ మంచితనానికో నమస్కారం.

గదిలో పెద్దావిడ, క్లాస్ టీచరు, నేను, బాబు. వాణ్ణి బయట కూర్చోబెడదామా అన్నాను. పరవాలేదు ఉండనివ్వండి అంది. తర్వాత వాడి వైపు వేలు చూపిస్తూ నాతో అన్న మాటలు ఇవి: 'ఇలాంటి పిల్లల వల్ల క్లాసంతా నెమ్మదిస్తుంది మేడమ్. మిగతా తల్లిదండ్రులు కూడా ఫీజు కడుతున్నారు కదా. ఇంత పెద్ద విషయం మీరు ముందే చెప్పి ఉండాల్సింది.'

ముందే చెప్పి ఉండాల్సిందట.

ఆవిడ ముందు మావాడి ఫైలు తెరిచి ఉంది. అందులో నా గోధుమరంగు కవరు. దాని మీద నా రెండు పిన్నులు, ఒకటి వంకరగా, ఒకటి తిన్నగా, ఎక్కడివి అక్కడే. మార్చి నుంచి ఒక్కరూ దాన్ని తెరవలేదు. నేను మాట్లాడలేకపోయాను, వేలు పెట్టి కవరు చూపించాను. ఆవిడ చూసింది. క్షమించండి అంటుందనుకున్నాను. 'అది అడ్మిషన్ల వాళ్ల పని, మా విభాగానికి రాలేదు' అంటూ నా ముందు ఒక కాగితం పెట్టింది. నెలకు 3,500 దిర్హాములకు షాడో టీచరును, అంటే క్లాసులో వాడి పక్కనే కూర్చుని సాయం చేసే మనిషిని, పెట్టుకోవాలి, లేదా వేరే బడి చూసుకోవాలి. పది నెలలకు 35,000. చదువుకు 18,000, చదువుకునే పిల్లవాడి పక్కన కూర్చున్నందుకు 35,000!

ఆ గది గోడకు అందమైన బోర్డు ఒకటుంది. ఈ దేశంలో 2017 నుంచి వికలాంగులు అనరు, దృఢ సంకల్పం గలవారు అంటారు. ఆ మాటే బంగారు అక్షరాల్లో రాయించి పెట్టారు. ప్రత్యేక అవసరాల పేరుతో సీటు నిరాకరించకూడదన్నది ఇక్కడి ప్రైవేటు బళ్లను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ విధానం. వీళ్లెందుకు నిరాకరిస్తారు? చక్కగా చేర్చుకుంటారు, చేర్చుకున్నాక బిల్లు వేస్తారు. బయటికి వస్తూ అడ్మిషన్ల గదిలోకి తొంగిచూశాను. మా చాంపియన్ ఆవిడ కంప్యూటర్‌లోంచి తల ఎత్తలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో మావాడు స్టేషన్ పేర్లు ప్రకటించకముందే తను చదివేయాలని చూస్తూ కూర్చున్నాడు. స్టేడియం చదివాడు. అల్ కియాదా దగ్గర తడబడ్డాడు, ఈలోగా ప్రకటన వచ్చేసింది. 'అబూ హైల్ చదువుతా చూడమ్మా' అన్నాడు. ఇంతకంటే ఇక రాయలేను.

మా వారు 'రేటింగు బాగానే ఉంది కదా' అంటున్నారు. బడి గేటు మీద 'గుడ్' అని పెద్ద బ్యానరు కట్టుకున్న మాట నిజమే. అది 2023-24 తనిఖీలో వచ్చింది. తనిఖీ నివేదిక మొత్తం కేహెచ్‌డీఏ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఇలాంటి పిల్లల గురించి అందులో విడిగా రాస్తారు. అది నేను చదివింది ఎప్పుడనుకున్నారు? ఈరోజు, ఇంటికొచ్చాక.

సలహా అంటే, డబ్బు కట్టకముందే అన్నీ ఈమెయిల్లో రాయించుకోండి. అదనపు సేవలకు డబ్బు అడిగితే విడిగా రాతపూర్వక ఒప్పందం కావాలనండి. రిపోర్టు అందినట్టు సంతకం తీసుకోండి. మొదటి రెండు వారాల్లో ఏ కొంచెం తేడా అనిపించినా 'వచ్చే వారం' అన్న మాటకు ఆగకండి. కేహెచ్‌డీఏకి ఫిర్యాదు రాత్రికి పెడుతున్నాను. బాకీ ఉందంటూ టీసీ ఆపుతారని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు, చూడాలి. అలాంటి అనుభవం ఎవరికైనా ఉంటే చెప్పండి.

శని, ఆదివారాలు సెలవు కాబట్టి సోమవారం వెళ్తాను. ఆ కవరు వెనక్కి తెచ్చుకోవాలి. పిన్నులు తీయకుండా అలాగే.