మాల్టా: దూరాలు తక్కువ, జనం ఎక్కువ

మ్యాప్‌లో మాల్టా కనపడాలంటే ముందు ఇటలీ బూటు వెతుక్కోవాలి. దాని కొన దగ్గర సిసిలీ ఉంటుంది. సిసిలీకి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల సముద్రం దాటితే మూడు చుక్కలు: మాల్టా, గోజో, రెండింటి మధ్య బుల్లి కొమినో. యూరోపియన్ యూనియన్‌లో దేశమే గానీ, ఆఫ్రికాలో ఉన్న ట్యునిస్ నగరం కంటే కూడా కిందికి ఉంటుంది. జర్మనీలో జాకెట్లు ఇంకా తీయని ఏప్రిల్‌లో మేం అక్కడ టీషర్టులతో తిరిగాం.

దేశం మొత్తం విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు, అంటే పాత జీహెచ్ఎంసీలో దాదాపు సగం. 2021 జనగణనలో తేలిన జనాభా 5,19,562. మన లెక్కన పెద్ద సంఖ్యేమీ కాదు. కానీ చదరపు కిలోమీటరుకు 1,600 మందికి పైనే పడతారు. యూనియన్‌లో ఇంత కిక్కిరిసిన దేశం ఇంకోటి లేదు. పైగా టూరిస్టులు ఏటా లక్షల్లో వస్తారు. యాత్రకు ప్లాన్ వేసుకునేవాళ్లు ఈ సంగతి ముందు పట్టించుకోవాలి. పెద్ద దీవి పొడవే 27 కిలోమీటర్లు కదా, రెండు రోజుల్లో చుట్టేద్దాం అనుకుంటే బస్టాపుల్లోనే సగం పొద్దు గడిచిపోతుంది.

మేం మొదట దిగింది స్లీమా పట్టణంలో. సముద్రం ఒడ్డునే హోటళ్లు, సూపర్ మార్కెట్లు, రాజధాని వాలెట్టాకు ఫెర్రీ, అన్నీ నడిచేంత దూరంలోనే ఉంటాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకు సౌకర్యమే. కాకపోతే ఎటు చూసినా క్రేన్లు. పొద్దున్నే డ్రిల్లింగ్ చప్పుడుతో మెలకువ వచ్చేది. బస్సుల సంగతి ఇంకా విచిత్రం. స్టాపులో చెయ్యెత్తి నిలబడితే, నిండిపోయిన బస్సు ఆగకుండానే వెళ్లిపోతుంది. తర్వాతిదీ అంతే. స్థానికులకు తమ పేరున బస్సు కార్డు ఉంటే 2022 అక్టోబరు నుంచి ప్రయాణం ఉచితం కాబట్టి రద్దీ తగ్గే దారి లేదు. టూరిస్టులు డబ్బు కట్టాలి. ఒక టికెట్ రెండు గంటలు చెల్లుతుంది కాబట్టి బస్సు మారడానికి ఇబ్బంది లేదు. ఫెర్రీ ఉన్నచోట మాత్రం బస్సు జోలికి పోకండి.

ఒక సాయంత్రం స్టాపులో ఫుడ్ డెలివరీ సంచితో ఉన్న కుర్రాడు మా మాటలు విని, "అన్నా, తెలుగేనా?" అని పలకరించాడు. నిజామాబాద్ వైపు అబ్బాయి. "పని దొరుకుతుందన్నా, ఇల్లే దొరకదు. అద్దె కట్టాక మిగిలేది తక్కువ" అన్నాడు. 2021 లెక్కల్లో ఇక్కడి ప్రతి ఐదుగురిలో ఒకరు విదేశీయులు. ఇటాలియన్లు, బ్రిటిష్ వాళ్ల తర్వాత మూడో స్థానం మన భారతీయులదే. ఆ క్రేన్లన్నీ ఎందుకో అప్పుడు అర్థమైంది.

తర్వాత బిర్గుకు మారాం. వాలెట్టాకు ఎదురుగా, హార్బర్ అవతలి ఒడ్డున ఉన్న పాత కోట ఊరిది. తేనె రంగు రాతి ఇల్లు, ఇరుకు మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టం. మిగతావాళ్లకు నా ఓటు దీనికే. నిమిషాల్లో పడవ వాలెట్టా గోడల కింద దింపుతుంది, అక్కణ్ణించి పైకి లిఫ్ట్ ఉంది. యూనియన్‌లో అన్నిటికంటే చిన్న రాజధాని వాలెట్టా. 1565లో ఒట్టోమన్ తుర్కుల ముట్టడి అయ్యాక, మరుసటి ఏడాది కట్టడం మొదలెట్టారు. సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ చర్చిలో ఇటాలియన్ చిత్రకారుడు కరవాజియో గీసిన పెద్ద చిత్రం ముందు మాత్రం తొందరపడకండి. సెయింట్ జూలియన్స్‌లోని పాచెవిల్ రాత్రి పార్టీలవాళ్లకు బాగుంటుంది, కుటుంబాలకు వద్దు.

గోజోకు అందరూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తారు. అలా చేస్తే రోజంతా ప్రయాణానికే సరిపోతుంది. వాలెట్టా నుంచి చిర్కెవ్వా రేవుకు బస్సులో గంట పైనే పడుతుంది, అక్కణ్ణించి ఫెర్రీలో 25 నిమిషాలు. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరుగు ప్రయాణంలోనే తీసుకుంటారు. 67 చదరపు కిలోమీటర్ల గోజోలో ఉండేది 39 వేల మంది చిల్లర. పెద్ద దీవితో పోలిస్తే రద్దీ మూడో వంతు కూడా ఉండదు. షారా ఊళ్లో ఒక పాత రైతు ఇంట్లో దిగాం. క్రీస్తుపూర్వం 3600 నాటి జ్గంతీయా ఆలయాలు అక్కణ్ణించి నడకే. ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి.

ష్వేనీ తీరంలో ఉప్పు మళ్లు చూడాలి. సముద్రం పక్క బండరాతినే తొలిచి గళ్లు గళ్లుగా చిన్న చిన్న మడుగులు చేశారు. నీళ్లు ఇంకిపోయిన చోట అంచుల వెంట తెల్లటి పొర కట్టి ఉంది, గోటితో గీకితే రాలింది. నాలుక మీద వేసుకుంటే కరకరలాడింది. పక్కనే పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. డ్వేరా దగ్గరి సుప్రసిద్ధ రాతి తోరణం, అజ్యూర్ విండో, 2017 మార్చి 8న తుఫానుకు కూలిపోయింది. పాత ఫొటోలు చూసి వెళ్లకండి.

కొమినో బ్లూ లగూన్ నీళ్లు నిజంగానే నీలం. మధ్యాహ్నానికి కాలు పెట్టే చోటుండదు. ఎండాకాలంలో అయితే మానేసినా నష్టం లేదు.

శాకాహారులకు దిక్కు పాస్టిట్సి: పొరలు పొరలుగా విరిగే పఫ్, లోపల బఠాణీ ముద్ద. మేం తిన్నచోట యూరో లోపే. దేశంలో చెప్పుకోదగ్గ నది ఒక్కటీ లేదు, సగానికి పైగా నీళ్లు సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసేసినవే. కుళాయి నీళ్ల రుచి మాకు నచ్చలేదు, సీసాలు కొనుక్కున్నాం. 1964 దాకా బ్రిటిష్ పాలన కాబట్టి బండ్లు మనలాగే ఎడమవైపు, ప్లగ్గులేమో బ్రిటిష్ మూడు పిన్నులవి. యూరప్ చార్జర్‌కు అడాప్టర్ కావాలి.

విమానం టికెట్ కంటే ముందు కొనాల్సింది పావోలాలోని హాల్ సాఫ్లియెని హైపోజియం టికెట్. రాతిలో తొలిచిన ఈ భూగర్భ సమాధి 1902లో కొత్త ఇళ్లకు నీటి తొట్లు తవ్వుతుంటే బయటపడింది. లోపలి గాలి, తేమ పాడవకుండా రోజుకు 80 మందినే, పది మంది చొప్పున వదులుతారు. ఫోన్లు బయటే పెట్టించేస్తారు. వారాల ముందే స్లాట్లు అయిపోతాయి, కాబట్టి అక్కడ దొరికిన తేదీని బట్టే మిగతా రోజులు సర్దుకోండి.