బాల్ పైథాన్ రంగుల లెక్క చెప్పే ఉచిత కాలిక్యులేటర్: పాఠం చెప్పేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

పర్లాకిమిడిలో మా ఇంటి వసారాలో డిగ్రీ జువాలజీ విద్యార్థులకు తెలుగులో పాఠాలు చెబుతుంటాను. ఇక్కడి పిల్లలతో పాటు సరిహద్దు దాటి పాతపట్నం నుంచి కూడా కొందరు వస్తారు. బఠాణీల దగ్గరే ఆగిపోయిన మెండెల్ పాఠాన్ని ముందుకు తీసుకెళ్లడానికి, విదేశాల్లో పాముల పెంపకందారులు వాడే ఒక ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌ను ఈ ఏడాది ఎంచుకున్నాను. మన కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి కనుక దాన్ని పెంచే ఊసే లేదు. ఈ కాలిక్యులేటర్ లెక్కించేది పశ్చిమ, మధ్య ఆఫ్రికా ప్రాంతాలకు చెందిన బాల్ పైథాన్ అనే కొండచిలువ జాతి సంతానాన్ని.

తల్లి జన్యువులు, తండ్రి జన్యువులు ఎంచుకుని మీట నొక్కితే పిల్లల రంగులు, వాటి సంభావ్యతలు పట్టికగా వస్తాయి. అల్బినో (తెలుపు-పసుపు రంగు) అంతర్గత లక్షణం, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి జన్యువు వస్తేనే బయటపడేది. ఒక్క జన్యువే ఉండి దాన్ని దాచుకున్న విషమయుగ్మజ పామును పెంపకందారులు ‘హెట్’ అంటారు. రెండు హెట్ పాములను జతచేస్తే 25 శాతం అల్బినోలని, మామూలు రంగులో పుట్టే మిగతా పిల్లల్లో ఒక్కొక్కటి హెట్ కావడానికి 66 శాతం అవకాశముందని చూపిస్తుంది. రంగు చూసి హెట్‌ను పోల్చలేం కాబట్టే ఈ అంకె అవసరమైందని విద్యార్థులకు వెంటనే అర్థమైంది. నేను బోర్డు మీద అరగంట గీసే గళ్ల పట్టిక కంటే ఇది మేలు.

అయితే ఆ అంకె ఒక్కో గుడ్డుకు సంబంధించినదని తెర మీద ఎక్కడా లేదు. “నాలుగు గుడ్లు పెడితే ఒకటి అల్బినో ఖాయమేనా, సార్?” అని ఒక అమ్మాయి అడిగింది. అష్టాచెమ్మా ఆడే చింతపిక్కల బద్దలు రెండు ఆమె చేతికిచ్చాను. ఒకటి తల్లి ఇచ్చే జన్యువు, రెండోది తండ్రిది. రెండూ తెల్లగా పడితేనే అల్బినో. నాలుగుసార్లు వేసింది, ఒక్కసారీ పడలేదు. ఆరు గుడ్లున్నా ఒక్క అల్బినో కూడా రాకపోయే అవకాశం దాదాపు 18 శాతం ఉంటుందని అప్పుడు లెక్క కట్టించాను.

అసలు లోపం ‘బనానా’ అనే రంగు దగ్గర బయటపడింది. పాములన్నిటిలో జెడ్-డబ్ల్యు లింగ క్రోమోజోములే (ఆడదానికి రెండు వేర్వేరు, మగదానికి రెండూ ఒకేలాంటివి) ఉంటాయని మా పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. బోవా, పైథాన్లలో మాత్రం మనుషుల్లాగే ఎక్స్-వై పద్ధతి ఉందని 2017లో వెలువడిన పరిశోధన తేల్చింది. బనానా జన్యువు ఆ క్రోమోజోముల మీదే ఉంటుంది. తండ్రి నుంచి దాన్ని పొందిన మగపాముకు పుట్టే బనానా పిల్లల్లో ఎక్కువ భాగం మగవి, తల్లి నుంచి పొందిన మగపాముకు ఎక్కువ భాగం ఆడవి. నేను చూసిన కాలిక్యులేటర్ ‘సగం బనానా’ అని చెప్పి ఊరుకుంటుంది. ఆ మగపాముకు జన్యువు ఎవరి నుంచి వచ్చిందని అడగదు. జన్యుశాస్త్రంలో ఇంత అందమైన ఉదాహరణ చేతిలో ఉండి కూడా వదిలేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇంకో మాట. పాస్టెల్ జన్యువు ఒకటుంటే ఒక రంగు, రెండుంటే మరింత లేతరంగు వస్తుంది. అది అసంపూర్ణ బహిర్గతత్వం. కాలిక్యులేటర్ దాన్ని సహబహిర్గతత్వం (రెండు లక్షణాలూ పూర్తిగా కనబడటం) అంటుంది. పరీక్షలో అలా రాస్తే మార్కులు పోతాయి.

స్పైడర్ జన్యువును కూడా అన్నిటిలాగే ఒక రంగుగా చూపిస్తుంది. ఆ జన్యువున్న పాములకు లోపలి చెవిలో లోపం ఉంటుంది. తల వణుకుతుంది, కొన్ని ఎలుకను సూటిగా పట్టుకోలేవు. రంగు కోసం జీవిని పుట్టించే లెక్కలో ఈ విషయం పక్కన రాసి తీరాలి. రాసేవరకు, ఆ వరుసకు వచ్చినప్పుడు నేను ఫోను పక్కన పెట్టి నోటితో చెబుతున్నాను.

బీఎస్సీ మొదటి ఏడాది వారికి అంతర్గత లక్షణాల వరకు దీన్ని ధైర్యంగా సూచిస్తాను. లింగ సహలగ్నత (బనానాలా లింగ క్రోమోజోముల మీదుండే జన్యువుల) పాఠానికి మాత్రం కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.