చుక్కలుంటే చాలు, మాక్యులేటా అనేస్తుంది

మా ఇంట్లో తొమ్మిది కుండీల బిగోనియా మొక్కలున్నాయి. వాటిలో నాలుగింటి పేర్లు నాకు తెలియవు. చేతులు మారి వచ్చిన కొమ్మలకు పేరు చీటీలు ఎక్కడుంటాయి? అందుకే ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్ ఒకటి ఫోనులో వేసుకుని, చందా కూడా కట్టి, ఏడాదిగా వాడుతున్నాను. డబ్బు పోసిన మనిషిని కాబట్టి నిర్మొహమాటంగా రాస్తున్నాను.

మెచ్చుకోవాల్సింది ముందు చెబుతాను. ఇది బిగోనియా అని పోల్చుకోవడంలో యాప్ ఒక్కసారి కూడా తప్పలేదు. నిజానికి అదేమంత కష్టం కాదు. ఆకు నడి ఈనెకు ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క సన్నగా ఉంటుంది, కత్తెర జారినట్లు. పూలుంటే మరీ సులువు. ఆడపువ్వు వెనక మూడు రెక్కల కాయ కనిపిస్తుంది, మగపువ్వుకు అది ఉండదు. రెండూ ఒకే మొక్కకు పూస్తాయి. నిగనిగలాడే చిన్న ఆకుల వ్యాక్స్ బిగోనియాను కూడా ప్రతిసారీ సరిగ్గానే చెప్పింది.

చిక్కంతా ఆ తర్వాతే. ఈ ప్రజాతిలో రెండు వేలకు పైగా జాతులున్నాయి, సంకర రకాల సంగతి సరేసరి. యాప్ మాత్రం తెల్ల చుక్కలు కంటపడగానే మాక్యులేటా, అంటే చుక్కల ఆకుల బిగోనియా జాతి, అని తీర్పు చెప్పేస్తుంది. నా దగ్గర చుక్కల మొక్కలు రెండున్నాయి. ఒకటి నిజంగానే మాక్యులేటా: చుక్కలు వెండి బొట్లలా, అంచులు తెగినట్లు స్పష్టంగా ఉంటాయి, ఆకు తిరగేస్తే అడుగంతా ఎరుపు. రెండోది ఏంజెల్ వింగ్ అనే సంకర రకం. దాని చుక్కలు సున్నం చిలకరించినట్లు చిన్నవి, ఆకు ముదిరేకొద్దీ మాసిపోతాయి. పక్కపక్కన పెడితే పిల్లలైనా తేడా చెబుతారు.

అసలు లోపం ఎక్కడంటే, యాప్ ఆకునే అడుగుతుంది, కాండాన్ని అడగదు. నేనైతే మొదట మట్టి దగ్గర వంగి చూస్తాను. వెదురులా కణుపులతో నిటారుగా లేస్తే కేన్ రకం. అల్లం కొమ్ములా లావుగా మట్టి మీద పాకితే రైజోమాటస్. రెక్స్ రకాలు కూడా చాలావరకు ఇలా పాకేవే కాబట్టి అక్కడ తడబడితే క్షమిస్తాను. కానీ ఐరన్ క్రాస్ అనే బిగోనియాను రెక్స్ అనడమేమిటి? రెక్స్ ఆకుకు లోహపు మెరుపు ఉంటుంది. ఐరన్ క్రాస్ ఆకు నిండా బుడిపెలు, ఒక్కో బుడిపె కొసన ఒక నూగు వెంట్రుక, నడుమ ముదురు గోధుమ రంగు శిలువ. వేలితో నిమిరితే గరుకుగా తగులుతుంది. ఫోనుకు వేళ్లు లేవు, నిజమే, కనీసం శిలువైనా కనబడాలి కదా!

దుంప బిగోనియా విషయంలో మాత్రం నాకు కోపమే వచ్చింది. చలి మొదలవుతుండగా దాని ఆకులు పసుపెక్కి రాలసాగాయి. ఫొటో పెడితే, ‘నీరు చాలడం లేదు, పెంచండి’ అంది. దుంప నిద్రకు పోయే కాలమని తెలిసి కూడా నేను విన్నాను, అది నా బుద్ధి తక్కువ. పది రోజులకు మట్టి తవ్వి చూస్తే దుంపలోకి వేలు దిగిపోయింది. ఆ వాసన చెప్పనక్కరలేదు.

అయిదు నక్షత్రాలకు రెండున్నర ఇస్తున్నాను. నిన్న ఉదయం పేరు తెలియని కుండీల్లో ఒకదాన్ని మళ్లీ చూపించాను. ‘మాక్యులేటా, 92 శాతం ఖాయం’ అంది. ఆ ఆకు మీద ఒక్క మచ్చ కూడా లేదు. అప్పుడే నీళ్లు చల్లాను, అవీ ఆ చుక్కలు.