పట్టిక చెప్పింది, టికెట్ అమ్మినవారు చెప్పలేదు: గూగుల్ ఫ్లైట్స్‌తో ఆరేళ్లు

గూగుల్ ఫ్లైట్స్‌ను నేను ఆరేళ్లుగా వాడుతున్నాను. అందులో విమానాలు ఎలా వెతకాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. రెండు ఊళ్ల పేర్లు, రెండు తేదీలు ఇచ్చి వెతకడం అందరికీ తెలిసిందే. నేను రాయదలచుకున్నది అందులోని ఒకే ఒక్క సదుపాయం గురించి. ఫలితాల జాబితాకు పైన ‘డేట్ గ్రిడ్’ అని ఒక మీట ఉంటుంది. దానిని నొక్కితే బయలుదేరే తేదీలు అడ్డంగా, తిరిగివచ్చే తేదీలు నిలువుగా పరచుకొని, ఒక్కో గడిలో ఆ రెండు తేదీలకు రానూపోనూ అయ్యే మొత్తం ఛార్జీ కనిపిస్తుంది. చవకైన గడులు ఆకుపచ్చగా ఉంటాయి. మొదటి రెండేళ్లు ఆ మీట అక్కడ ఉన్నదన్న సంగతే నేను పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రయాణమేదీ లేని రోజుల్లో కూడా, గళ్లనుడికట్టు నింపేవారు పత్రిక ముందేసుకున్నట్టు, ఆ పట్టిక తెరిచి కూర్చుంటున్నానని ఇంట్లో ఫిర్యాదు ఉంది.

ఈ మోజుకు కారణం చవకదనం ఒక్కటే కాదు. ఆ పట్టికను చదవవచ్చు. విమానంలో ఎకానమీ సీట్లన్నీ చూడటానికి ఒకేలా ఉన్నా, అమ్మకంలో మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాల పేర్లతో పది పన్నెండు తరగతులుగా విడిపోయి ఉంటాయి. ఒక్కో తరగతికి ఒక్కో ధర, కొన్ని షరతులు, పరిమితంగా సీట్లు ఉంటాయి. చవక తరగతిలోని ఆఖరి సీటు అమ్ముడైన క్షణం నుంచి, పక్కనే ఉన్న అలాంటి సీటునే పై తరగతి ధరకు అమ్ముతారు. ఈ సంగతి మనసులో పెట్టుకొని పట్టికను చూస్తే రంగులకు అర్థం వస్తుంది. ఒక నిలువు వరుస మొత్తం ఖరీదుగా కనిపిస్తే, ఆ రోజు వెళ్లే విమానంలో చవక సీట్లు అయిపోయాయనో, వారాంతపు ధర పడిందనో అనుకోవాలి. అడ్డ వరుస మొత్తం ఖరీదైతే చిక్కు తిరుగు ప్రయాణంలో ఉన్నట్టు. అలాకాక ధరలు మెట్లుమెట్లుగా ఏటవాలుగా విరిగితే, కనీసం ఇన్ని రాత్రులు అక్కడ ఉండి తీరాలన్న షరతు ఏదో లోపల పనిచేస్తున్నదని నేను పోల్చుకుంటాను. ఒకసారి అక్క దగ్గరకు వెళ్లినప్పుడు ఆరు రాత్రులకు బదులు ఏడు రాత్రులు ఉంటే ఛార్జీ దాదాపు మూడో వంతు తగ్గింది. ఎక్కువ రోజులు ఉంటే తక్కువ డబ్బు అవుతుందని ఫోనులో చెబితే, నేను ఇంకో రోజు ఉండటానికి సాకు వెతుకుతున్నానని ఆమె అనుకున్నది.

ఈ ఊహలు నిజమో కాదో సరిచూసుకోవడానికి ఇంకో సాధనం ఉంది. 1996లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన కంప్యూటర్ శాస్త్రజ్ఞులు స్థాపించిన, విమాన ఛార్జీలు వెతికే ఐటీఏ సాఫ్ట్‌వేర్ అనే సంస్థను గూగుల్ 2011లో తనలో కలుపుకున్నది, గూగుల్ ఫ్లైట్స్ వచ్చింది అదే ఏడాది. ఐటీఏ వారి పాత వెతుకుడు యంత్రం ‘మ్యాట్రిక్స్’ ఇప్పటికీ విడిగా పనిచేస్తున్నది. అది టికెట్లు అమ్మదు, చూడముచ్చటగానూ ఉండదు. కానీ ఏ అక్షరం తరగతి, ఏ షరతులు అన్నది విప్పి చూపుతుంది. పట్టికలో నేను పసిగట్టిన షరతు అక్కడ అక్షరాలా కనిపించినప్పుడు కలిగే ఆనందాన్ని ఎవరికైనా వివరించబోతే, వారు మాట మార్చేస్తారు.

తరగతుల సంగతి తెలిసిన తరువాత నా పాత అలవాట్లు రెండు మారాయి. ఒకటి, నలుగురం వెళ్లేటప్పుడు నలుగురికీ ఒకేసారి వెతకడం మానుకున్నాను. చవక తరగతిలో రెండే సీట్లు మిగిలి ఉంటే, నలుగురికి కలిపి అడిగినప్పుడు సాధారణంగా నలుగురికీ పై తరగతి ధరే వేస్తారు. మొదట ఒక్కరికి వెతికి చూస్తే తేడా బయటపడుతుంది. అలా రెండు జంటలుగా కొంటే పీఎన్ఆర్‌లు రెండవుతాయని, ఒకదానికి ఇబ్బంది వస్తే రెండోది దానితో కదలదని కూడా గుర్తుంచుకోవాలి. రెండోది, కుకీలు చెరిపి, రహస్య విండో తెరిచి వెతికే తంతుకు స్వస్తి చెప్పాను. మనం పదేపదే చూస్తున్నామని కనిపెట్టి ధర పెంచుతారన్న మాటకు నాకు ఎక్కడా ఆధారం దొరకలేదు. నేను చూస్తూ ఉండగా పెరిగిన ధర, చాలావరకు, నాకంటే ముందు ఎవరో కొనేసిన సీటు వల్ల పెరిగినదే అయి ఉంటుంది.

ఇక అసలు కథ. మూడేళ్ల కిందట అమ్మను వెంటబెట్టుకొని మళ్లీ అక్క దగ్గరకు వెళ్లవలసి వచ్చింది. తేదీల పట్టింపు లేదు కాబట్టి పట్టిక తన పని చక్కగా చేసింది: మంగళవారం బయలుదేరి మూడు వారాల తరువాత బుధవారం తిరిగివచ్చే గడి, చుట్టూ ఉన్న గడులకంటే స్పష్టంగా తక్కువలో ఉంది. ఆ ప్రయాణం ధర మీద నిఘా పెట్టే మీట నొక్కి ఉంచాను. 11వ రోజున ధర తగ్గిందని మెయిల్ వచ్చింది. ఆఖరి మెట్టు దగ్గర నేను కాలు జారాను. గూగుల్ ఫ్లైట్స్ మామూలుగా తాను టికెట్ అమ్మదు. ఎవరి దగ్గర ఎంతకు దొరుకుతుందో చూపి అక్కడికి పంపిస్తుంది. ఆ జాబితాలో విమానయాన సంస్థ సొంత ధరతోపాటు, నేను ఎన్నడూ పేరు వినని ఒక ఆన్‌లైన్ ఏజెన్సీ ధర దాదాపు 6 శాతం తక్కువలో కనిపించింది. ఇద్దరికీ కలిపి చూసుకుంటే ఆ తేడాను వదులుకోబుద్ధి కాలేదు. అంతకుముందు అలాంటి ఏజెన్సీల దగ్గర మూడుసార్లు కొన్నాను, ఏ తంటా రాలేదు. కొనేశాను.

డబ్బు వెంటనే పోయింది, టికెట్ వెంటనే రాలేదు. ‘మీ బుకింగ్ పరిశీలనలో ఉంది’ అన్న మెయిల్ ఒకటి వచ్చి, దాదాపు 20 గంటలు అదే మాట మీద నిలబడింది. సీటు పట్టి ఉంచడం వేరు, టికెట్ జారీ కావడం వేరు అన్న సంగతి నేను ఆ రాత్రి నేర్చుకున్నాను. ఆరు అక్షరాల పీఎన్ఆర్ చేతికి వచ్చినంత మాత్రాన ప్రయాణం ఖాయం కాదు. 13 అంకెల టికెట్ నంబరు పడాలి, దానిలోని మొదటి మూడు అంకెలు టికెట్ ఏ విమానయాన సంస్థ పేరిట జారీ అయిందో చెబుతాయి. మా ఏజెన్సీ ఇచ్చిన రసీదులో ఉన్నది ఆ రెండూ కావు, వారి సొంత నంబరు. “టికెట్ వచ్చిందా?” అని అమ్మ రెండుసార్లు అడిగింది. వస్తోందని రెండుసార్లు చెప్పాను. మరునాడు మధ్యాహ్నానికి వచ్చింది, నేను జరిగింది మరచిపోయాను.

కొన్న తరువాత ధర చూడకూడదన్న నియమం నాకు నేనే పెట్టుకొని, నేనే మీరుతూ ఉంటాను. ఆ ప్రయాణం మీద పెట్టిన నిఘా తీసేయడం కూడా మరచిపోయాను కాబట్టి ధరల మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. బయలుదేరడానికి రెండు వారాల ముందు ఒక మెయిల్ వస్తే, నేను కొన్నదానికంటే ఇప్పుడు పెరిగిందో తగ్గిందో చూసి సంతోషించడానికో బాధపడటానికో తెరిచాను. జాబితాలో మా మొదటి విమానం అదే నంబరుతో ఉంది, కానీ బయలుదేరే సమయం నా కాగితంలో ఉన్నదానికంటే 2 గంటల 40 నిమిషాలు ఆలస్యంగా మారి ఉంది. మధ్య ఊరిలో విమానం మారడానికి మాకు ఉన్న వ్యవధి 1 గంట 50 నిమిషాలు. అంటే మేము అక్కడ దిగేసరికి రెండో విమానం వెళ్లిపోయి ఉంటుంది. నా మెయిల్ పెట్టెలో వెతికాను, చెత్త మెయిళ్లలో వెతికాను. ఎవరూ ఏమీ చెప్పలేదు. టికెట్ పీడీఎఫ్ అడుగున సన్నని అక్షరాలలో దొరికిన పీఎన్ఆర్‌తో విమానయాన సంస్థ వెబ్‌సైట్ తెరిస్తే విషయం బోధపడింది. సంప్రదించవలసిన చిరునామాగా అక్కడ ఉన్నది నాది కాదు, ఏజెన్సీది. సమయం మార్చి అప్పటికి 16 రోజులైంది. విమానయాన సంస్థ తన వంతు కబురు పంపింది, ఆ కబురు ఏజెన్సీ పెట్టెలో పడి అక్కడే నిద్రపోయింది.

ఆ తరువాతి 9 రోజులు ఎలా గడిచాయో అనుభవించినవారికి చెప్పనక్కరలేదు. టికెట్ జారీ చేసింది ఏజెన్సీ కాబట్టి మార్పు కూడా వారే చేయాలని విమానయాన సంస్థ ఫోనులో చెప్పింది. విమానయాన సంస్థ అనుమతి కోసం ఎదురుచూస్తున్నామని ఏజెన్సీ చాట్‌లో చెప్పింది. చాట్ తెరిచిన ప్రతిసారీ కొత్త మనిషి, మళ్లీ మొదటి నుంచి కథ. చివరకు విమానాశ్రయంలో ఆ సంస్థ టికెట్ కౌంటరుకు నేరుగా వెళ్లాను. అక్కడి ఉద్యోగిని పీఎన్ఆర్ కాక టికెట్ నంబరు అడిగి, తెర మీద చూసి, సమయం మార్చింది తమ సంస్థే కాబట్టి తామే సరిచేయవచ్చునని చెప్పి, మా ప్రయాణం రోజునే పొద్దున వెళ్లే మరో విమానంలోకి మార్చి టికెట్ తిరిగి జారీ చేసింది. అదనంగా ఏమీ అడగలేదు. పని మొత్తం పావుగంట. ఫలితంగా మధ్య ఊరిలో 9 గంటలు వేచి ఉండవలసి వచ్చింది. అమ్మ చెప్పులు విడిచి బెంచీ మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు, టైమెంతయిందని మాత్రం మూడుసార్లు అడిగింది. మేము అక్క ఇంటికి చేరిన నాలుగో రోజున ఏజెన్సీ నుంచి మెయిల్ వచ్చింది: మా అభ్యర్థనను విమానయాన సంస్థకు పంపారట.

ఇందులో గూగుల్ ఫ్లైట్స్‌ను తప్పుపట్టడానికి నాకు మనసు ఒప్పదు, ఎందుకంటే ప్రమాదం సంగతి చెప్పింది నేను ఆపడం మరచిన దాని మెయిలే. అయినా అప్పటినుంచి దాని జాబితాలోని ఆఖరి పేజీని నేను వేరే కంటితో చూస్తున్నాను. అక్కడ కనిపించే ధరలు పక్కపక్కనే ఉన్నా, అవి ఒకే సరుకు ధరలు కావు. అమెరికా నిబంధననే తీసుకుంటే, ప్రయాణానికి 7 రోజులు లేదా అంతకుమించి వ్యవధి ఉన్నప్పుడు నేరుగా విమానయాన సంస్థ దగ్గర చేసుకున్న బుకింగ్‌కు 24 గంటల వెసులుబాటు ఉంటుంది: జరిమానా లేకుండా రద్దు చేసుకోనివ్వాలి, లేదా డబ్బు తీసుకోకుండా ఆ ధరకు సీటు పట్టి ఉంచాలి. ఆ బాధ్యత విమానయాన సంస్థలదే, మధ్యలో అమ్మే ఏజెన్సీలది కాదు. ఆ 6 శాతంతో నేను అమ్ముకున్నది ఇలాంటి హక్కులనే అని ఇప్పుడు తెలుస్తున్నది.

పట్టిక గురించి పైన చెప్పినదానికి కూడా కొన్ని సవరణలు అవసరం. ఆకుపచ్చ గడి మంచి ప్రయాణమని హామీ ఇవ్వదు. 19 గంటల నిరీక్షణ ఉన్న ప్రయాణమైనా, సామాను ఛార్జీ కలపని టికెట్టయినా అక్కడ అంతే పచ్చగా కనిపిస్తుంది. ఒక నగరానికి చెందిన విమానాశ్రయాలన్నీ కలిపి వెతికినప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం: లండన్ అని ఇస్తే హీత్రూ, గాట్‌విక్, స్టాన్‌స్టెడ్, లూటన్ వంటివన్నీ ఒకే గొడుగు కిందికి వస్తాయి, ఒకదానిలో దిగి మరొకదానిలో ఎక్కవలసిన ప్రయాణాలు కూడా కలిసిపోతాయి. అందుకే ఎన్నిచోట్ల ఆగవచ్చు, ఎంతసేపు ప్రయాణించవచ్చు, చేతిసంచి కలిపి ధర చూపాలా అన్నవి ముందే బిగించి, ఆ తరువాతే పట్టిక తెరుస్తాను. వరుస తారుమారైతే దొరికిన ఆనందం నిలవదు. గడిలో ఉన్న ధర నొక్కేసరికి మారిపోవడమూ మామూలే. అన్ని సంస్థల ఛార్జీలూ అందులో ఉంటాయనుకోవడం కూడా పొరపాటు. అమెరికాలోని సౌత్‌వెస్ట్ ఛార్జీలు 2024లోగానీ అక్కడ కనిపించలేదు.

గమ్యం కూడా తేలనివారికి స్కైస్కానర్‌లో ‘ఎక్కడికైనా’ అని వెతికే పద్ధతి దీనికంటే నచ్చవచ్చు. వేర్వేరు సంస్థల విడి టికెట్లను అతికి చవక దారి చూపే కివీ వంటి సాధనాలు, వీపున ఒక్క సంచితో తిరిగే పాతికేళ్లవారికి నిజంగా పనికివస్తాయి. ఒక విమానం ఆలస్యమైతే రెండోదాని బాధ్యత రెండో సంస్థ తీసుకోదన్నది వారు ఎరిగి ఉండాలి. నా పని ఇంటి నుంచి చేసుకునేది, తేదీలు నా చేతిలో ఉన్నాయి, కాబట్టి పట్టిక నాకు ఇంతగా కలిసివచ్చింది. బడి సెలవుల్లోనే కదలగలిగినవారికి, శుక్రవారం సాయంత్రం వెళ్లి ఆదివారం రాత్రి తిరిగిరావలసినవారికి, ఆ పట్టికలోని గడులన్నింటిలో పనికివచ్చేది ఒక్కటే ఉంటుంది, అది ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. అలాంటివారు నా పొగడ్తను సగానికి సగం కోసుకొని చదువుకోవచ్చు.

వచ్చే ప్రయాణానికి అమ్మ ఒకే షరతు పెట్టింది, మధ్యలో విమానం మారకూడదని. నిన్న రాత్రి ‘నాన్‌స్టాప్’ అని బిగించి పట్టిక తెరిచాను. ఒకే సంస్థ, రోజుకు ఒకే విమానం; రెండు మూడు గడులు తప్ప మిగిలినవన్నీ దాదాపు ఒకే ధర. చదవడానికి అందులో ఏమీ లేదు. ధర మీద నిఘా మాత్రం పెట్టాను, కొన్నాక కూడా తీయను.