లైఫ్‌టైమ్ తెలుగు చానెళ్ల బాక్స్ కొంటున్నారా? మా 280 డాలర్ల కథ చదివి వెళ్లండి

డల్లాస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకి, ముఖ్యంగా ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తున్నారని హడావుడిగా టీవీ ఏర్పాట్లు చేసుకుంటున్నవాళ్లకి ఇది రాస్తున్నాను.

పోయిన సెప్టెంబరులో మా అత్తయ్య, మామయ్య ఆరు నెలలు ఉందామని వచ్చారు. అత్తయ్యకి సీరియల్ పడకపోతే రోజు గడవదు. ఒక ఇండియన్ స్టోర్‌లో బిల్లు కౌంటర్ పక్కనే నల్ల బాక్సులు పేర్చి ఉంటే అడిగాను. "ఐపీటీవీ అండీ, ఇంటర్నెట్ లైను మీద వచ్చే టీవీ. 280 డాలర్లు ఒక్కసారి కట్టేయండి, ఇక లైఫ్‌టైమ్. తెలుగు చానెళ్లన్నీ వస్తాయి" అన్నాడు కౌంటర్‌లో ఉన్నతను. కార్డు తీసుకోడట, జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపమన్నాడు. అక్కడే ఆగాల్సింది. కార్డయితే బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు. జెల్‌లో మనమే పంపిన డబ్బుని వెనక్కి రాబట్టడం మహా కష్టం.

రెండు నెలలు బాగానే నడిచింది. అక్కడ సాయంత్రం ఏడంటే ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర. అత్తయ్య కాఫీ గ్లాసు పట్టుకుని సీరియల్‌కి కూర్చునేవారు. నవంబరు చివర్లో ఒకరోజు బాక్స్ పెడితే గుండ్రం తిరుగుతూనే ఉంది. ఫోన్ చేస్తే "సర్వర్ మెయింటెనెన్స్, రేపొస్తుంది" అన్నాడు. వారం తర్వాత కొత్త పోర్టల్‌కి మార్చాలి, 60 డాలర్లవుతుంది అన్నాడు. లైఫ్‌టైమ్ అన్నారు కదా అంటే, "లైఫ్‌టైమ్ అంటే ఆ సర్వర్ లైఫ్‌టైమ్ అండీ" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా!

మామయ్యకి మాత్రం ఇదేం అర్థం కాలేదు. "మన ఊళ్లో ఏపీ ఫైబర్‌నెట్ బాక్స్ కూడా ఐపీటీవీయే కదమ్మా, అదెప్పుడూ ఇలా చేయలేదే" అన్నారు. నేను బోల్తా పడింది కూడా ఆ పేరు దగ్గరే. ఫైబర్‌నెట్‌లో చానెళ్లు వాళ్ల సొంత లైను మీదే వస్తాయి. మనం నొక్కిన చానెల్ ఒక్కటే ఇంటికొస్తుంది, దానికి చానెల్ వాళ్లతో ఒప్పందం ఉంటుంది. ఈ స్టోర్ బాక్స్ ఉత్త ఆండ్రాయిడ్ డబ్బా. ఎవరో ఎక్కడో ఒక సెట్‌టాప్ బాక్స్‌లోంచి చానెల్‌ని లాగి, అద్దె సర్వర్‌లోకి ఎక్కించి ఇంటర్నెట్‌లో వదులుతారు. డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉన్న మ్యాక్ నంబర్‌ని (ఆ డబ్బా గుర్తింపు నంబరు) స్టోర్ అతను తన లిస్టులో కలిపితే మనకి బొమ్మ వస్తుంది, తీసేస్తే పోతుంది. సర్వర్‌ని ఎవరైనా మూయిస్తే అందరిదీ ఒకేసారి పోతుంది. అసలు ఇండియాలోనే 2019 నుంచి ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) రూల్ ప్రకారం ప్రతి పే చానెల్‌కీ నెలకింతని రేటుంది. నెలనెలా డబ్బు కట్టాల్సిన సరుకుని ఇతను ఒక్కసారి డబ్బుతో జీవితాంతం ఎలా ఇస్తాడు? ఈ లెక్క నాకు అప్పుడు తట్టలేదు.

డబ్బు పోతే పోయింది, నాకు అసలు టెన్షన్ పెట్టింది ఇంకోటి. బాక్స్ బిగించేటప్పుడు అతను ఫోన్‌లో చెప్తూ సెట్టింగ్స్‌లో గూగుల్ ప్లే ప్రొటెక్ట్, అంటే ప్రమాదకరమైన యాప్‌లని పట్టుకునే రక్షణ, ఆపించాడు. "అది ఉంటే మన యాప్ ఎక్కదండీ" అన్నాడు. తర్వాత మావారు రౌటర్ యాప్ తెరిచి చూస్తే, టీవీ ఆపేసి ఉన్న అర్ధరాత్రి కూడా ఆ డబ్బా డేటా బయటికి పంపుతోంది. 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 అనే మాల్‌వేర్ (దొంగ సాఫ్ట్‌వేర్) గురించి హెచ్చరిక ఇచ్చింది. ఇలాంటి చవక స్ట్రీమింగ్ డబ్బాల్లోకి కొనకముందే గానీ, సెటప్‌లో ఎక్కించే యాప్‌లతో గానీ మాల్‌వేర్ చేరి, మన ఇంటి ఇంటర్నెట్‌ని దొంగపనులకి వాడుకుంటున్నారట. ప్లే ప్రొటెక్ట్ ఆపమనడం కూడా వాళ్లు చెప్పిన గుర్తుల్లో ఒకటి. మా డబ్బాలో అదే ఉందని అనను. కానీ అదే వైఫైలో మావారి ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంది, మా బ్యాంకు యాప్‌లున్నాయి. ఆ రాత్రే వైర్లు పీకేసి, వైఫై పాస్‌వర్డ్ మార్చేశాం.

ఇప్పుడు నెలనెలా కట్టే తెలుగు ప్యాక్ తీసుకున్నాం. యప్‌టీవీ, స్లింగ్ లాంటివాళ్ల దగ్గర ఉన్నాయి. కాకపోతే మీ ఇంట్లోవాళ్లు అడిగే చానెల్ ఆ లిస్టులో ఉందో లేదో ముందే చూసుకోండి, అన్నీ ఒకేచోట దొరకవు. మధ్యలో పోయిన రెండు వారాల సీరియల్ కథని అత్తయ్య వాళ్ల చెల్లెలు ఫోన్లో చెప్పింది, గంటన్నర.

మొన్న కూరగాయలకని అదే స్టోర్‌కి వెళ్లాను. డబ్బాలు అక్కడే ఉన్నాయి, రేటు 250కి దించాడు.